మిగ్-21 మోడల్ కిట్ కొంటున్నారా? పెట్టె మీద బొమ్మ కాదు.. ముందు ఇవి చూసుకోండి

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 భారత వాయుసేన నుంచి అధికారికంగా రిటైర్ అయింది. 1963లో ఇదే చండీగఢ్‌లో మొదలైన ప్రయాణం అరవై రెండేళ్ల తర్వాత అక్కడే ముగిసింది. ఇక ఈ విమానాన్ని దగ్గర నుంచి చూడాలంటే మ్యూజియానికి వెళ్లాలి, లేదంటే ఇంట్లో ఒక స్కేల్ మోడల్ చేసుకోవాలి.

తెలుగువాళ్లకు మిగ్-21తో ఉన్న అనుబంధం పైలట్లతోనే ఆగదు. హెచ్‌ఏఎల్ ఈ విమానం బాడీని నాసిక్‌లో, ఇంజిన్‌ను ఒడిశాలోని కోరాపుట్‌లో తయారు చేసింది. లోపలి ఎలక్ట్రానిక్ పరికరాల కోసం 1965లో హైదరాబాద్‌లో డివిజన్ పెట్టింది. బాలానగర్‌లోనో, కోరాపుట్‌లోనో పనిచేసి రిటైరైన తాతయ్యలు, నాన్నలు ఉన్న ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. అలాంటి ఇంట్లో షోకేస్‌లో పెట్టే మిగ్-21 మామూలు బొమ్మ కాదు. అది ఒక ఉద్యోగ జీవితానికి గుర్తు.

చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో 'మిగ్-21 మోడల్ కిట్' అని వెతికితే పదుల సంఖ్యలో పెట్టెలు కనిపిస్తాయి. ధరలో తేడా, సైజులో తేడా, పేరు చివర అక్షరాల్లో తేడా. పెట్టె మీద బొమ్మ బాగుందని కొనేస్తే, నెల రోజులు కష్టపడి అతికించాక తేలేది ఏంటంటే.. అది మన వాయుసేన ఎప్పుడూ నడపని రకమని. వేలు పోసి కొన్నాక ఆ మాట ఇంట్లో పెద్దాయన నోట వినాల్సి వస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అందుకే కిట్ ఎంచుకునే ముందు ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో తెలుసుకుందాం.

ముందు విమానం.. ఆ తర్వాతే కిట్

చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత సైజు, చివర్లో రకం. ఈ వరుస తిరగబడాలి. 'నాకు ఏ మిగ్-21 కావాలి?' అన్నది మొదటి ప్రశ్న.

ఎందుకంటే మిగ్-21 అనేది ఒక్క విమానం కాదు. అరవై ఏళ్లలో చాలా మారింది. మన దేశం మొత్తం 870కి పైగా మిగ్-21లను వాడింది. వాటిలో ముఖ్యమైన రకాలు, బయటికి కనిపించే తేడాలు ఇవీ..

మిగ్-21ఎఫ్-13 (టైప్ 74): 1963లో మొదట వచ్చిన విమానాలు. ముక్కు సన్నగా, గాలి లోపలికి వెళ్లే మూతి చిన్నగా ఉంటుంది. ముక్కు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన పొడవాటి గొట్టం (పిటాట్ ట్యూబ్) మూతి కింది వైపు ఉంటుంది.

మిగ్-21ఎఫ్ఎల్ (టైప్ 77): 1971 యుద్ధం అనగానే గుర్తొచ్చే విమానం. మూతి పెద్దదైంది. పిటాట్ గొట్టం పైకి మారింది. కాక్‌పిట్ అద్దం మొత్తం ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటుంది. ఒక్కో రెక్క కింద ఆయుధం తగిలించే చోటు ఒకటే. లోపల తుపాకీ లేదు. అవసరమైతే పొట్ట కింద గన్ పాడ్ తగిలించేవారు. 2013 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండలో ఈ రకం రిటైర్ అయింది.

మిగ్-21ఎం (టైప్ 96): కాక్‌పిట్ అద్దం రెండు భాగాలైంది. ముందు అద్దం కదలదు, వెనక మూత పైలట్‌కు కుడి వైపుకు తెరుచుకుంటుంది. ఒక్కో రెక్క కింద రెండేసి చోట్లు వచ్చాయి. 23 ఎంఎం జంట గొట్టాల తుపాకీ పొట్టలోనే అమర్చారు. కాక్‌పిట్ వెనక నుంచి తోక వరకు ఉండే వీపు భాగం ఎఫ్ఎల్ కంటే లావుగా ఉంటుంది. పిటాట్ గొట్టం ముక్కు పైన మధ్యలో కాకుండా కాస్త కుడికి జరిగింది.

మిగ్-21బిస్ (టైప్ 75): ఇంకా శక్తిమంతమైన ఆర్-25 ఇంజిన్ వచ్చింది. వీపు మరింత బలిసింది.

మిగ్-21 బైసన్: ఉన్న బిస్ విమానాలకే కొత్త రాడార్, కొత్త క్షిపణులు పెట్టి ఆధునికీకరించిన రకం. ముందు అద్దం ఫ్రేములు లేకుండా ఒకే ముక్కగా ఉంటుంది. 2019 ఫిబ్రవరి 27న అభినందన్ వర్ధమాన్ నడిపింది ఇదే. 2025లో చివరిగా రిటైర్ అయిందీ ఇదే.

ఇవి కాక రెండు సీట్ల ట్రైనర్లు వేరే ఉన్నాయి. కిట్ పెట్టెల మీద వాటి పేరు చివర 'యూ' లేదా 'యూఎం' అని కనిపిస్తుంది.

పెట్టె మీద ఎఫ్-13, పీఎఫ్, పీఎఫ్ఎం, ఎంఎఫ్, ఎస్ఎంటీ, బిస్ వంటి అక్షరాలు ఉంటే అవి అలంకారం కాదు. విమానం ఆకారమే వేరని అర్థం. ఉదాహరణకు ఎస్ఎంటీ అనేది సోవియట్ వాయుసేన వాడిన రకం. దాని వీపు బాగా ఉబ్బెత్తుగా ఉంటుంది. దానికి మన మూడు రంగుల గుర్తు అతికిస్తే రంగు మనది, విమానం వాళ్లది అవుతుంది.

ఎఫ్ఎల్ అని రాసి ఉన్న కిట్ దొరక్కపోతే దానికి దగ్గరి చుట్టం పీఎఫ్. ఎఫ్ఎల్ పుట్టిందే పీఎఫ్ నుంచి. అయితే మన ఎఫ్ఎల్ తోక వెడల్పుగా ఉంటుంది, దాని అడుగున బ్రేక్ పారాచూట్ గూడు ఉంటుంది. పీఎఫ్ కిట్ కొనేటప్పుడు ఆ వెడల్పు తోక ముక్క పెట్టెలో ఉందో లేదో చూసుకోవాలి.

ఇంట్లో పెద్దాయన్ని అడగండి

రకం తేల్చుకోవడానికి గూగుల్ కంటే మంచి దారి ఒకటుంది. మోడల్ ఎవరి కోసమో వాళ్లనే అడగడం. 'నాన్నా, మీరు ఏ సంవత్సరాల్లో పనిచేశారు? ఏ టైప్ మీద?' అని అడిగితే చాలు. వాయుసేనలో, హెచ్‌ఏఎల్‌లో పనిచేసినవాళ్లు ఎక్కువగా రష్యన్ అక్షరాలు చెప్పరు. 'టైప్ 77', 'టైప్ 96' అంటారు. పైన ఇచ్చిన జాబితాతో పోల్చుకుంటే కిట్ పేరు దొరికేస్తుంది.

పాత ఫొటో ఒక్కటి ఉన్నా పని సగం అయినట్టే. అద్దం ఎటు తెరుచుకుందో, రెక్క కింద ఎన్ని చోట్లు ఉన్నాయో, తోక మీద నంబర్ ఏంటో అందులో కనిపిస్తాయి.

సైజు సంగతి: 1/72, 1/48, 1/32 అంటే ఏంటి?

1/72 అంటే అసలు విమానంలో 72వ వంతు. అసలు దాని మీద ఆరు అడుగులు ఇక్కడ ఒక అంగుళం. 1/48లో అసలు విమానం మీది ఒక అడుగు పావు అంగుళం అవుతుంది. కింద సంఖ్య పెరిగే కొద్దీ మోడల్ చిన్నదవుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. పిటాట్ గొట్టంతో కలిపితే పొడవు 15 మీటర్లు దాటుతుంది. ఆ లెక్కన..

1/144లో: రెక్కల వెడల్పు 5 సెంటీమీటర్లు. అరచేతిలో పడుతుంది.
1/72లో: వెడల్పు సుమారు 10 సెం.మీ., పొడవు 21 సెం.మీ. పైన.
1/48లో: వెడల్పు సుమారు 15 సెం.మీ., పొడవు 32 సెం.మీ. దరిదాపు.
1/32లో: వెడల్పు 22 సెం.మీ. పైన, పొడవు దాదాపు అర మీటరు.

మిగ్-21 సన్నటి విమానం కాబట్టి 1/48లో చేసినా మామూలు షోకేస్ అరలో పట్టేస్తుంది. అదే సుఖోయ్-30 ఎంకేఐ అయితే రెక్కల వెడల్పు 14.7 మీటర్లు, పొడవు సుమారు 22 మీటర్లు. 1/48లో చేస్తే వెడల్పు 30 సెం.మీ. పైన, పొడవు 46 సెం.మీ. దగ్గరికి వస్తుంది. చాలా ఇళ్లలో గాజు షోకేస్ లోతు అంత ఉండదు. కాబట్టి కిట్ ఆర్డర్ పెట్టే ముందు టేపుతో అర కొలవండి.

ఇంకో విషయం. ముందుముందు పక్కన మరో విమానం పెట్టాలనుకుంటే రెండూ ఒకే స్కేల్‌లో ఉండాలి. 1/72 సుఖోయ్ పక్కన 1/48 మిగ్ పెడితే మిగ్ సుఖోయ్ కంటే పొడవుగా కనిపిస్తుంది. చూసేవాళ్లు గందరగోళ పడతారు. చోటు తక్కువ ఉండి, ఎక్కువ విమానాలు చేయాలనుకునేవాళ్లకు 1/72 మేలు. ఒక్కటే చేసి, కాక్‌పిట్ లోపలి మీటర్లు కూడా కనిపించాలనుకుంటే 1/48 మేలు.

పెట్టె కొత్తది.. అచ్చు పాతది

మోడల్ కిట్ల వ్యాపారంలో కొత్తవాళ్లకు తెలియని అసలు విషయం ఇది. ప్లాస్టిక్ ముక్కలు పోసే ఉక్కు అచ్చు తయారు చేయడానికి కంపెనీకి చాలా ఖర్చవుతుంది. అందుకే ఒకసారి చేసిన అచ్చును ఏళ్ల తరబడి వాడతారు. పెట్టె మీద బొమ్మ మారుస్తారు, డెకాల్స్ మారుస్తారు, లోపలి ప్లాస్టిక్ మాత్రం ముప్పై నలభై ఏళ్ల కిందటిదే ఉండొచ్చు. ఒక్కోసారి ఒక కంపెనీ అచ్చు ఇంకో కంపెనీ పేరుతో కూడా వస్తుంది.

పాత అచ్చు అంటే చెడ్డదని కాదు. ధర తక్కువ ఉంటుంది, ముక్కలు తక్కువ ఉంటాయి. కానీ అతుకుల మధ్య ఖాళీలు ఎక్కువ. పుట్టీ పెట్టాలి, గరుకు కాగితంతో రుద్దాలి. విమానం ఒంటి మీద రేకుల అతుకు గీతలు (ప్యానెల్ లైన్లు) చాలా పాత కిట్లలో పైకి ఉబ్బి ఉంటాయి. కొత్త కిట్లలో లోపలికి సన్నగా చెక్కినట్టు ఉంటాయి. ఉబ్బిన గీతలున్న కిట్‌ను రుద్దితే గీతలన్నీ పోతాయి.

అచ్చు వయసు ఎలా తెలుసుకోవాలి? స్కేల్‌మేట్స్ అనే వెబ్‌సైట్‌లో కిట్ నంబర్ కొడితే ఆ అచ్చు మొదట ఎప్పుడు వచ్చింది, ఏయే పెట్టెల్లో మళ్లీ వచ్చింది అన్నది వరుసగా చూపిస్తుంది. రెండు నిమిషాల పని. వేల రూపాయలు పెట్టే ముందు ఆ రెండు నిమిషాలు పెట్టడంలో తప్పులేదు.

మిగ్-21కు ఏ కంపెనీ కిట్లు ఉన్నాయి?

ఎడ్వర్డ్ (చెక్ రిపబ్లిక్): 1/48లో 2011 నుంచి పీఎఫ్, పీఎఫ్ఎం, ఎంఎఫ్, ఎస్ఎంటీ, బిస్ వంటి రకాలు వరుసగా తెచ్చింది. 1/72లో ఎంఎఫ్ 2018లో వచ్చింది. వివరాలు బాగా ఉంటాయి, ముక్కలు కూడా ఎక్కువే ఉంటాయి. ఓపిక కావాలి. ఒకే ప్లాస్టిక్‌ను ఈ కంపెనీ రకరకాలుగా అమ్ముతుంది. 'ప్రొఫిప్యాక్' అంటే సన్నటి లోహపు ముక్కలు, రంగు వేసేటప్పుడు అంటించే మాస్కులు, ఎక్కువ డెకాల్స్ కలిపి ఇస్తారు. 'వీకెండ్' అంటే అవి లేకుండా తక్కువ ధరకు. 'ఓవర్‌ట్రీస్' అంటే ప్లాస్టిక్ ఫ్రేములు మాత్రమే, డెకాల్స్ కూడా ఉండవు. ధర తక్కువని మూడోది కొని, తర్వాత డెకాల్స్ లేవని చూసుకోవడం కొత్తవాళ్లకు సులువుగా జరిగే పొరపాటు.

జ్వెజ్దా (రష్యా): 1/72లో బిస్, పీఎఫ్ఎం ఉన్నాయి.

ట్రంపెటర్ (చైనా): 1/48లో ఎఫ్-13, రెండు సీట్ల యూఎం ఉన్నాయి. 1/32లో ఎంఎఫ్ ఉంది. 1963 నాటి మొదటి విమానం కావాలనుకునేవాళ్లు ఎఫ్-13 వైపు చూడొచ్చు.

ఫుజిమి (జపాన్): 1/72లో ఎప్పటినుంచో ఉన్న కిట్లు. ఎడ్వర్డ్ కంటే పాత అచ్చు.

ఏ కిట్ అయినా అన్ని వేళలా స్టాక్ ఉండదు. కంపెనీలు కొంత కాలం ఆపి మళ్లీ వేస్తుంటాయి. దొరకట్లేదని పాత పెట్టెకు రెండింతలు పెట్టే ముందు కొన్నాళ్లు ఆగి చూడటం మంచిది.

బైసన్ కావాలంటే ఇంకో జాగ్రత్త. పెట్టె మీద బిస్ అని మాత్రమే ఉంటే అందులో ఫ్రేములున్న పాత అద్దమే ఉండే అవకాశం ఎక్కువ. ఒకే ముక్క ముందు అద్దం ఉందా లేదా అన్నది పారదర్శక ముక్కల ఫొటో చూసి నిర్ధారించుకోవాలి. లేకపోతే ఆ ముక్క విడిగా దొరుకుతుందేమో వెతకాలి. అదీ దొరక్కపోతే బైసన్‌గా మారక ముందు నాటి బిస్‌గా చేసుకోవడమే నయం. అది కూడా మన విమానమే.

మన గుర్తులు పెట్టెలో ఉన్నాయా?

డెకాల్స్ అంటే నీళ్లలో నానబెట్టి జార్చి అతికించే పల్చటి గుర్తులు. భారత వాయుసేన గుండ్రటి గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ ఉంటాయి. తోక మీద మూడు రంగుల పట్టీ ఉంటుంది. చాలా కిట్లలో సోవియట్, చెక్, పోలండ్, తూర్పు జర్మనీ గుర్తులే వస్తాయి. మనవి ఉన్నాయో లేదో పెట్టె పక్క వైపున గానీ, ఆన్‌లైన్‌లో సూచనల పుస్తకం చివరి పేజీల్లో గానీ చూడొచ్చు.

లేకపోతే భారత డెకాల్స్ విడిగా కొనాలి. కొనేటప్పుడు మూడు సరిపోవాలి: స్కేల్, రకం, కాలం. 1/72 డెకాల్ 1/48 మోడల్‌కు పనికిరాదు. ఎఫ్ఎల్ తోక నంబర్ బిస్ మీద పెడితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఆయుధాల దగ్గర కూడా ఇదే సూత్రం. 1971 డిసెంబర్ 14న ఢాకాలోని గవర్నర్ నివాసం మీద మిగ్-21లు దాడి చేసింది 57 ఎంఎం రాకెట్లతో. ఆ విమానం చేయాలనుకుంటే రెక్కల కింద రాకెట్ గొట్టాల పాడ్లు కావాలి. ఆర్-73, ఆర్-77 క్షిపణులు బైసన్ కాలం నాటివి. పెట్టెలో ఉన్నాయి కదా అని అన్నీ తగిలించేస్తే 1971 విమానానికి 2000 తర్వాతి క్షిపణి వేలాడుతుంది.

రంగును బట్టి కష్టం

తొలినాటి మిగ్‌లు చాలావరకు రంగు లేకుండా వెండిలా మెరిసే లోహంతోనే ఉండేవి. ఫొటోల్లో అద్భుతంగా కనిపిస్తాయి. మోడల్‌లో మాత్రం కొత్తవాళ్లకు ఇదే అతి కష్టమైన రంగు. లోహపు రంగు కింద ప్రతి గీత, ప్రతి గమ్ మరక, సరిగ్గా రుద్దని ప్రతి అతుకు కనిపిస్తుంది. స్ప్రే చేయకుండా బ్రష్‌తో వేస్తే చారలు పడతాయి.

తర్వాతి కాలంలో వచ్చిన ఆకుపచ్చ-గోధుమ రంగుల మచ్చలు, బైసన్ల బూడిద రంగు తప్పులను కొంత దాచేస్తాయి. మొదటి మోడల్‌కు అవే మంచివి. టైప్ 77 వెండి విమానమే కావాలనుకుంటే, ముందు తక్కువ ధర కిట్ ఒకటి చేసి చేయి కుదిరాక దాన్ని మొదలుపెట్టడం మంచిది.

కిట్ ధర ఒకటే కాదు.. అసలు బిల్లు ఇదీ

పెట్టె విప్పగానే విమానం తయారుగా ఉండదు. ఫ్రేములకు అంటుకున్న ముక్కలు, కాగితం, డెకాల్స్ ఉంటాయంతే. గమ్, రంగులు చాలా కిట్లలో రావు. మొదటిసారి కొనేవాళ్లు వీటిని కూడా లెక్కలో వేసుకోవాలి..

ముక్కలు కత్తిరించే సైడ్ కట్టర్, సన్నటి బ్లేడున్న కత్తి, గరుకు కాగితాలు, ట్వీజర్. ప్లాస్టిక్ సిమెంట్. ప్రైమర్, నాలుగైదు రంగులు, రెండు మూడు బ్రష్‌లు, మాస్కింగ్ టేప్. చివర్లో క్లియర్ కోటు.

చిన్న 1/72 కిట్ కొన్నప్పుడు ఈ సామాన్ల ఖర్చు కిట్ ధరను దాటిపోవచ్చు. అయితే కట్టర్, కత్తి, ట్వీజర్ ఒకసారి కొంటే ఏళ్లు వస్తాయి. ఎయిర్ బ్రష్, కంప్రెసర్ మొదటి రోజే అక్కర్లేదు.

విదేశీ షాపు నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ కలుస్తాయి. స్క్రీన్ మీద కనిపించిన ధరకే ఇంటికి వస్తుందనుకోవద్దు. పైగా స్ప్రే డబ్బాలు, ల్యాకర్ రంగులు, థిన్నర్లు మంటలంటుకునే సరుకు. విమాన పార్సిళ్లలో వాటికి ఆంక్షలుంటాయి. కిట్ బయటి నుంచి తెప్పించినా రంగులు ఇక్కడే కొనడం తేలిక.

ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కిట్ కొంటుంటే రెండు అడగండి. ఒకటి, ఫ్రేములన్నీ ఉన్న ఫొటో. సూచనల పుస్తకం మొదటి పేజీల్లో ఉండే ముక్కల పటంతో పోల్చుకోవచ్చు. రెండు, డెకాల్ షీట్ ఫొటో. పాత డెకాల్స్ పసుపు రంగుకు తిరుగుతాయి, నీళ్లలో వేయగానే ముక్కలు ముక్కలవుతాయి.

గమ్, రంగు.. ఊపిరి జాగ్రత్త

ప్లాస్టిక్ సిమెంట్ మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. దాని ఆవిరి, ల్యాకర్ రంగుల ఆవిరి పీల్చడం మంచిది కాదు. కిటికీలు తెరిచి, ఫ్యాన్ గాలి బయటికి పోయేలా చేసుకుని పని చేయాలి. స్ప్రే చేస్తే మామూలు గుడ్డ మాస్క్ చాలదు, ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్క్ వాడాలి. గ్యాస్ పొయ్యి, దీపం దగ్గర అసలు వద్దు. ఏసీ గదిలో తలుపులు మూసుకుని చేయడం కూడా పొరపాటే. చిన్న పిల్లలున్న ఇంట్లో నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులు మేలు.

కాక్‌పిట్ అద్దం దగ్గర సూపర్ గ్లూ వాడొద్దు. ఆరేటప్పుడు వచ్చే ఆవిరికి అద్దం మసకబారి తెల్లగా అయిపోతుంది. ఆరితే పారదర్శకంగా మారే తెల్ల జిగురు అక్కడ సరిపోతుంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీర ఊళ్లలో, వానాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు ల్యాకర్ కోటు వేస్తే తెల్లటి పొర కమ్మేస్తుంది. ముసురు పట్టిన రోజు చివరి కోటు వాయిదా వేయండి.

పిల్లల కోసమైతే..

చాలా కిట్ల మీద 14 ఏళ్లు దాటినవారికి అని రాసి ఉంటుంది. కత్తి, చిన్న ముక్కలు, గమ్ ఉంటాయి కాబట్టి దాన్ని పట్టించుకోవాలి. అంతకంటే చిన్న పిల్లలకు గమ్ అక్కర్లేని, నొక్కితే బిగుసుకునే స్నాప్ కిట్లు ఉన్నాయి. ఎయిర్‌ఫిక్స్ 'క్విక్‌బిల్డ్' అలాంటిదే. అదే కంపెనీ 'స్టార్టర్ సెట్'లలో గమ్, రంగులు, బ్రష్ పెట్టెలోనే వస్తాయి.

ఎనిమిదో తరగతి పిల్లాడికి రెండు మూడు వందల ముక్కల కిట్ బహుమతిగా ఇస్తే, అది సగంలో అటక మీదకు చేరే ప్రమాదమే ఎక్కువ. చిన్నది కొని, పక్కన కూర్చుని కలిసి పూర్తి చేయించడం మంచిది.

మిగ్ కాకుండా వేరే విమానమా? ఇక్కడా అదే మెలిక

రఫేల్: బీ అంటే రెండు సీట్లు, సీ అంటే ఒక సీటు, ఎం అంటే విమాన వాహక నౌక మీద దిగే నేవీ రకం. మన వాయుసేన 36 రఫేల్స్‌లో 28 ఒక సీటువి, 8 రెండు సీట్లవి. వాయుసేన రఫేల్ కావాలంటే 'ఎం' పెట్టె తీసుకోకూడదు.

సుఖోయ్-30: పెట్టె మీద ఎంకేకే అని ఉంటే అది చైనా రకం. మన ఎంకేఐకి కాక్‌పిట్ పక్కన ముందు వైపు చిన్న రెక్కలు (కెనార్డ్స్) ఉంటాయి, ఎంకేకేకు ఉండవు. రష్యా వాడే సుఖోయ్-30ఎస్ఎం మాత్రం ఎంకేఐ నుంచి వచ్చిందే కాబట్టి ఆకారంలో దగ్గర.

నాట్: 1965, 1971 యుద్ధాల్లో మన వాయుసేన వాడింది ఒక సీటు ఫైటర్. ఎయిర్‌ఫిక్స్ 1/72లో తెచ్చిన కొత్త అచ్చు బ్రిటన్ రెండు సీట్ల ట్రైనర్. పేరు ఒకటే, విమానం వేరు.

అసలు విమానం చూసి చేస్తే..

కిట్ సూచనల కంటే అసలు విమానం చూడటం ఎప్పుడూ మేలు. ఢిల్లీ పాలంలో వాయుసేన మ్యూజియం ఉంది. చండీగఢ్‌లో 2023లో వాయుసేన హెరిటేజ్ సెంటర్ మొదలైంది. విశాఖ బీచ్ రోడ్‌లో నేవీ సీ హారియర్, టీయూ-142 విమానాలు ఉన్నాయి. వెళ్లినప్పుడు విమానం మొత్తం ఫొటోతో సరిపెట్టకండి. చక్రాల గూళ్లు, రెక్క కింది భాగం, ఇంజిన్ వెనక మాడిన రంగు ఫొటో తీసుకుంటే రంగు వేసేటప్పుడు పనికొస్తాయి. ఎయిర్ బేస్‌ల దగ్గర, రక్షణ శాఖ ప్రాంగణాల దగ్గర మాత్రం అనుమతి లేనిదే ఫోన్ బయటికి తీయొద్దు.

ఆర్డర్ పెట్టే ముందు ఈ ఏడు ప్రశ్నలు

1. ఏ రకం? ఏ కాలం నాటి విమానం?
2. పెట్టె మీది అక్షరాలు ఆ రకానికి సరిపోయాయా?
3. ఈ స్కేల్ మోడల్ ఇంట్లో అరలో పడుతుందా?
4. అచ్చు ఏ సంవత్సరానిది?
5. మన వాయుసేన గుర్తులు పెట్టెలో ఉన్నాయా, విడిగా కొనాలా?
6. ఆ రంగు వేసేంత అలవాటు ఉందా?
7. గమ్, రంగులు, సామాన్లు, షిప్పింగ్ కలిపితే మొత్తం ఎంత?

ఏడింటికీ జవాబు ఉంటే ధైర్యంగా కొనొచ్చు. మొదటి రెండింటికి జవాబు లేకపోతే మాత్రం ఎంత డిస్కౌంట్ ఉన్నా ఆగడమే మంచిది. అతుకు సరిగ్గా రాకపోతే పుట్టీతో సరిచేయొచ్చు. రంగు చెడితే తుడిచి మళ్లీ వేయొచ్చు. తప్పు రకం కిట్ కొంటే సరిదిద్దడం చాలా కష్టం.

మిగ్-21 పేరు చెబితే 1971 గుర్తొస్తుంది, ప్రమాదాల్లో పోయిన పైలట్లూ గుర్తొస్తారు. దాని మీద పనిచేసినవాళ్లకు ఆ తేడాలన్నీ ఇప్పటికీ కంఠతా వచ్చు. వాళ్ల ముందు పెట్టే మోడల్ చిన్నదైనా పర్లేదు, రంగు కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు. చూడగానే 'ఇది మా టైప్ 77' అని వాళ్లు గుర్తుపడితే చాలు.